మొదటి సగం

జూన్ 4, గురువారం

పదకొండు నెలల తర్వాత అతను నా ఎడిట్ రూమ్‌కి వచ్చాడు. చేతిలో హార్డ్ డిస్కు. తలుపు తట్టి, తెరిచి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఈ తలుపు అతను తట్టడం ఇదే మొదటిసారి.

"షూటింగ్ అయిపోయింది. ఎడిటింగ్ నువ్వే చెయ్యాలి" అన్నాడు.

"ఎడిటర్లకి అంత కరువొచ్చిందా?"

"నా రషెస్ చూసి నేనేం అనుకుని తీశానో చెప్పగలిగేది నువ్వొక్కదానివే."

అది పొగడ్త అనుకున్నాడు. ఇద్దరం కలిసి ఆరు సినిమాలు చేశాం. అతను తీస్తాడు, నేను కత్తిరిస్తాను. అతను తీసేవన్నీ నిడివి ఎక్కువ. మా కాపురం కూడా అంతే, పదిహేడేళ్ళు సాగింది.

"కథేమిటి?" అని అడిగాను.

"మొగుడూ పెళ్ళాలు విడిపోతారు. మధ్యలో ఒక పిల్ల."

"ఎక్కడో విన్నట్టుంది."

నవ్వలేదు. పెళ్ళాం వేషం వేసిన నటి ఇప్పుడు అతని ఫ్లాట్‌లోనే ఉంటోంది. నాకు తెలుసని అతనికి తెలుసు. అయినా డిస్కు టేబుల్ మీద పెట్టాడు.

ఒప్పుకున్నాను. పని పనే. తొమ్మిదికి వస్తాను, ఆరింటికి తాళం వేసి వెళ్ళిపోతాను. పూర్వం సెట్లో నలుగురి ముందు 'మీరు' అనేదాన్ని, ఇంట్లో 'నువ్వు'. ఇవాళ అతను వెళ్ళబోతుంటే "డిస్కు మీద లేబుల్ రాయడం మర్చిపోయారు మీరు" అన్నాను. తిట్టి ఉంటే అంత మొహం మాడ్చుకునేవాడు కాదు.

ఈ డైరీలో కూడా ఒకప్పుడు 'ఆయన' అనే రాసేదాన్ని. ఏ తారీఖున 'అతను' అయ్యాడో పేజీలు వెనక్కి తిప్పితే దొరుకుతుంది. తిప్పను.

జూన్ 5

మా అమ్మాయి బంతి వాళ్ళ నాన్న దగ్గర ఉంటున్నది స్కూలు అక్కడికి దగ్గరని. ఎవరి దగ్గర ఉంటావమ్మా అని జడ్జి అడిగినప్పుడు కూడా అదే చెప్పి ఉంటుంది. నేను బయట వరండాలో ఉన్నాను, వినలేదు.

జూన్ 10

వారం రోజులుగా రషెస్ చూస్తున్నాను. కెమెరా తీసిందంతా, కత్తెర పడకముందు, ముక్కలు ముక్కలుగా. ఆ వంటిల్లు నా వంటిల్లే. సింకు పక్కన పగిలిన టైలు దగ్గర్నుంచి దింపేశాడు. నటి కళ్ళజోడు తలమీదికి తోసుకుని ఇల్లంతా కళ్ళజోడు కోసం వెతుకుతుంది. అది నేను. పిలిస్తే రెండోసారికి గానీ పలకదు. అదీ నేనే. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది, నాకన్నా బాగా నాలా ఉంది.

నలభై రెండో సీను. టేబుల్ దగ్గర కూతురు పుస్తకాలకి అట్టలు వేసుకుంటూ ఉంటుంది. తల్లి పక్కన నిలబడి, గొంతు పెంచకుండా, ఏదో కూరగాయల సంగతి చెప్పినట్టు అంటుంది: "నువ్వు పుట్టకపోయుంటే ఈ ఇంట్లోంచి నేనెప్పుడో బయటపడేదాన్ని."

ఏడు టేకులు తీశాడు. ఏడుసార్లు విన్నాను.

నేనలా అనలేదు. కథ రాసేవాళ్ళకి ఒక ఆడమనిషి చెడ్డది కావాలి, లేకపోతే బండి నడవదు.

జూన్ 11

నేనలా అనలేదు.

జూన్ 15, సోమవారం

అతను కట్ చూడ్డానికి వచ్చాడు. వెనక సోఫాలో కూర్చున్నాడు, తన పాత చోటులోనే. నలభై రెండో సీను నడిపించాను. తల్లి ఆ మాట అంటుంది. కూతురు తలెత్తదు. అప్పుడు మళ్ళీ తల్లి మొహం. ఆ మొహంలో ఎంత జాలి, ఎంత ప్రేమ అంటే, అన్న మాట గొంతులోంచి వెనక్కి లాక్కోవాలని చూస్తున్నట్టు ఉంటుంది.

అతను ముందుకు వంగాడు. "ఆ ఎక్స్‌ప్రెషన్ ఎక్కడిది? నేను తియ్యలేదు."

"మీరు తీశారు. మూడో టేకులో, క్లాప్ కొట్టకముందు. మీరు యాక్షన్ చెప్పేదాకా ఆవిడ ఆ పిల్లని చూస్తూ ఊరికే నిలబడింది. అది తెచ్చి ఇక్కడ పెట్టాను."

"అప్పుడావిడ ఇంకా పాత్రలోకి వెళ్ళనే లేదు."

"తెర మీద అది ఎవరికి తెలుస్తుంది?"

సోఫాలో వెనక్కి వాలాడు. "బాగుంది" అన్నాడు చివరికి. నా పని బాగుందని అతను ఎప్పుడూ ఒప్పుకుంటాడు. మిగతావేవీ ఒప్పుకోడు.

వెళ్ళేటప్పుడు అడిగాను, వీలైనంత మామూలుగా. "ఆ డైలాగు మీరే రాశారా?"

"లేదు. బంతి చెప్పింది."

"ఏమని?"

"అమ్మ ఒకసారి అంది అని చెప్పింది."

"అది చెప్తే మీరు రాసేసుకున్నారు."

"అది అబద్ధాలాడదని నీకూ తెలుసు."

"ఏ రోజు అన్నానట?"

"నీకు గుర్తు లేకపోతే నేనెందుకు గుర్తు చెయ్యాలి" అని తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. తలుపు విసిరికొట్టే మనిషే నయం.

జూన్ 21, ఆదివారం

బంతి వచ్చింది. చంటిపిల్లప్పుడు గుండ్రంగా ఉండేదని అలా పిలిచాం. ఇప్పుడు పదహారేళ్ళు, కొలబద్దలా ఉంటుంది. పేరు మాత్రం పోలేదు.

చెప్పులు గుమ్మం బయట విప్పింది. ఈ ఇంట్లో ఎప్పుడూ లోపలే విప్పేది. చుట్టాల ఇళ్ళకి వెళ్తే బయట విప్పమని నేనే నేర్పాను.

"అక్కడ బాగుందా?" అని అడిగాను.

"బాగుంది."

"ఆవిడ?"

"ఆంటీనా? నవ్విస్తుంది. ఉదయం పళ్ళు తోముకుంటూ డైలాగులు ప్రాక్టీస్ చేస్తుంది, నురగంతా అద్దం మీద పడుతుంది. నాన్న తిడతాడు. భలే ఉంటుంది."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ కూడా బాగుంటుంది అమ్మా, వచ్చినప్పుడు."

నాలుగింటికి వాళ్ళ నాన్న కింద హారన్ కొట్టాడు. బంతి నేను చెయ్యి పట్టుకునే లోపే మెట్లు దిగిపోయింది. దిగుతూ పాటేదో పాడుకుంటోంది.

జూన్ 22

ఒకవేళ ఎప్పుడైనా విసుగులో అలాంటిదేదో అని ఉన్నా, ఆ మాట అది కాదు. పిల్లలు మాటల్ని పెంచుకుంటారు.

జూన్ 29, సోమవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకుంటాను.

షూటింగ్ ముప్పై ఒకటో రోజు సౌండు ఫైళ్ళు సరిచూస్తున్నాను. కెమెరా ఆగిపోయింది, రికార్డరు ఆపడం మర్చిపోయారు. నటి చొక్కా లోపల మైకు అలాగే ఉండిపోయింది. ఆవిడ మేకప్ గదిలోకి వెళ్ళింది. వెనకే అతను. మొత్తం నాలుగు నిమిషాల పది సెకన్లు.

నటి అంది: "ఇవాళ మీ బంతి భలే నవ్వించింది నన్ను. మనతోనే ఉండిపోతుందా అది? అడగొచ్చో లేదో తెలీదు, అడుగుతున్నా. నువ్వేమనుకుంటున్నావు?"

'నువ్వు' అంటోంది.

అతను: "నిజం చెప్పనా? జడ్జి ముందు అది నా పేరు చెప్పగానే గుండెల్లో రాయి పడింది. వాళ్ళమ్మ దగ్గరే ఉంటుందనుకున్నాను. అలా అనుకునే బయటికొచ్చాను, ఒక్కణ్ణే బతుకుదామని. ఇది రెండు బ్యాగులు వేసుకుని వెనకే వచ్చేసింది. మెడకి చుట్టుకుందిరా దేవుడా అనుకున్నాను. పద్దెనిమిదేళ్ళు ఎప్పుడొస్తాయా అని వేళ్ళ మీద లెక్కపెట్టాను. హాస్టల్లో వేద్దామని రెండుచోట్ల కనుక్కున్నాను కూడా."

అక్కడ గట్టిగా ఊపిరి పీల్చాడు. కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత:

"కానీ ఇప్పుడు అది స్కూలు నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. మొన్న దానికి జ్వరమొచ్చినప్పుడు ఏ షాటు తీశానో నాకే తెలీదు. అది ఉండబట్టే నేను మనిషిలా ఉన్నాను. వద్దనుకున్న సంగతి దానికి ఎప్పటికీ తెలియకూడదు. తెలిస్తే వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతే నేనుండలేను."

ఏడ్చాడు. పదిహేడేళ్ళలో అతను ఏడవగా నేను వినలేదు. "ఊరుకో, ఊరుకో" అని ఆవిడ అంటోంది.

మూడుసార్లు విన్నాను. తర్వాత వెళ్ళి టీ తాగొచ్చాను.

జూలై 1

పిల్లని వద్దనుకున్నాడు. హాస్టళ్ళు వెతికాడు. మంచి తండ్రి అని స్కూల్లో టీచర్లు కూడా మెచ్చుకునే మనిషి.

జూలై 7, మంగళవారం

అతను క్లైమాక్స్ చూసి, లేవబోతూ అన్నాడు, మర్చిపోయిన గొడుగు గుర్తొచ్చినట్టు. "ఆగస్టులో మేం ఇక్కణ్ణుంచి వేరే ఊరికి మారిపోతున్నాం. తర్వాతి సినిమా అక్కడే. రెండు మూడేళ్ళు పట్టొచ్చు."

"మేం అంటే?"

"ముగ్గురం."

"బంతి ఒప్పుకుందా?"

"అక్కడ సముద్రం ఉంటుందంటే గెంతింది. నీకు తనే చెప్తానంది. ఇంకా చెప్పలేదా?"

"చెప్పింది" అన్నాను.

చెప్పలేదు.

జూలై 8

ఆ రికార్డింగులో రెండో సగం లెక్కలోకి రాదు. ఒక ఆడమనిషి ముందు మంచివాడనిపించుకోవడానికి మగవాడు ఏడిచే ఏడుపు అది. మొదటి సగమే నిజం. నిజం వినే హక్కు పిల్లకి ఉంటుంది. తల్లిగా అది నా బాధ్యత.

పన్నెండింటికి మొదలుపెట్టి ఒంటిగంటకల్లా అయిపోయింది. చిక్కంతా ఆ ఊపిరి దగ్గరే. అది ఉంచితే మనిషి ఇంకేదో చెప్పబోతున్నట్టు తెలిసిపోతుంది. అందుకని ఊపిరికి ముందే కోశాను. కోస్తే మాట అర్ధంతరంగా తెగినట్టు వచ్చింది. ఇంకోచోట నుంచి ఖాళీ గది చప్పుడు రెండు సెకన్లు తెచ్చి చివర అతికించాను. ఇప్పుడు "కనుక్కున్నాను కూడా" అని, అక్కడితో అతను ఊరుకున్నట్టు ఉంది. అతుకు ఎక్కడుందో నాకే వినపడటం లేదు.

పని శుభ్రంగా వచ్చింది.

జూలై 12, ఆదివారం

భోజనాలయ్యాక బంతిని టేబుల్ దగ్గర కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు ఇచ్చాను.

"ఏంటమ్మా, సినిమాలో పాటా?"

"విను."

నేను ఎదురుగా కూర్చున్నాను. మొహాలు చూడటమే నా వృత్తి. మొదట నటి గొంతు విని నవ్వింది. తర్వాత నవ్వు అలాగే ఉండిపోయింది, లోపల మనిషి లేకుండా. 'మెడకి చుట్టుకుంది' దగ్గర కళ్ళు నా వైపు తిప్పింది, ఇది వేషమా అని అడుగుతున్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. హాస్టల్ మాట దగ్గర చూపు దించేసుకుంది.

అయిపోయాక మళ్ళీ మొదట్నుంచి పెట్టుకుంది. రెండోసారి మొహంలో ఏమీ కనపడలేదు.

హెడ్‌ఫోన్లు తీసి, వైరు చక్కగా చుట్టి, టేబుల్ మీద పెట్టింది.

"ఇది ఎప్పటిది?"

"ముప్పై ఒకటో రోజు షూటింగ్‌ది."

"ఆ రోజు నేను సెట్లోనే ఉన్నా. నాన్న నా పక్కనే కూర్చుని తిన్నాడు. నా ప్లేట్లోంచి తీసుకుని తిన్నాడు."

"నీకు తెలియాలని, బంతీ. నేను కాకపోతే ఎవరు చెప్తారు?"

"ఎందుకు తెలియాలి?"

దానికి నా దగ్గర చాలా జవాబులు ఉన్నాయి. నాలుగు రోజులుగా సిద్ధం చేసుకున్నవి. ఒక్కటీ చెప్పలేదు.

హారన్ కొడితే కిందికి వెళ్ళింది. ఇవాళ ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది, ముసలివాళ్ళలా.

జూలై 13

అవును, అన్నాను. పోయినేడు మార్చిలో. వేరే ఊళ్ళో నాకొక పెద్ద సినిమా వచ్చింది, ఏడాది పాటు అక్కడే ఉండి చెయ్యాలి. బంతికి పరీక్షల సంవత్సరం. వద్దని ఫోనులో చెప్పేసి వచ్చేసరికి ఇది టేబుల్ దగ్గర పుస్తకాలకి అట్టలు వేసుకుంటోంది. అన్నాను. అది చేతిలో ఉన్న అట్ట మడత పూర్తి చేసింది. మూల సరిగ్గా కూర్చుందో లేదో గోటితో రుద్ది చూసుకుంది. తర్వాత ఇంకో పుస్తకం తీసుకుంది.

నేననేది ఇంతే. నేను దాని ఎదురుగా నిలబడి అన్నాను. అతను వెనకాల అన్నాడు.

జూలై 15, బుధవారం

బంతి రెండు బ్యాగులతో వచ్చేసింది.

గెలిచాను అని రాయకూడదు. రాయను.

జూలై 17

అతను వచ్చాడు. ఇవాళ తలుపు తట్టలేదు. గడ్డం గీసుకోలేదు, చొక్కా గుండీలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పెట్టుకున్నాడు.

"నువ్వే వినిపించావా?"

"మైకులు ఆపమని మీ వాళ్ళకి చెప్పుకోవాల్సింది."

కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. సోఫా చేతి మీద కూర్చున్నాడు. "నేనన్నాను. అనలేదనను. దానికి కూడా అదే చెప్పాను. కానీ ఆ తర్వాత కూడా ఏదో అన్నాను. ఏడ్చాను కూడా. ఏమన్నావో చెప్పు నాన్నా అని బంతి నా ఎదురుగా నిలబడింది. నోరు తెరిచాను. ఒక్క ముక్క గుర్తు రాలేదు. డైలాగులు రాసి బతికేవాణ్ణి నేను."

నేను స్క్రీను వైపు తిరిగాను.

"ఆ ఫైలు ఇవ్వు. మొత్తం ఇవ్వు. అందులో ఉంటుంది."

"అందులో ఉన్నది అంతే. సీనుకి పనికిరాని సౌండు ఎప్పటికప్పుడు తీసేస్తాను. ఆరు సినిమాలకీ అదేగా చేసింది."

నమ్మాడు. పని విషయంలో నన్ను ఎప్పుడూ నమ్ముతాడు.

"మళ్ళీ అడుగుతున్నాను" అన్నాడు. "నా తర్వాతి మాటలేవీ నువ్వు వినలేదా?"

"లేదు. అక్కడితో మీరు ఊరుకున్నారు."

తర్వాత ముందుకు వంగి, గుండీలు తప్పుగా ఉన్నాయని అప్పుడు చూసుకుని, ఒక్కోటి విప్పి సరిగ్గా పెట్టుకున్నాడు. నేనలా చూస్తూ ఉన్నాను. పూర్వమైతే నేనే పెట్టేదాన్ని.

జూలై 20

బంతి తన ప్లేటు తనే కడుక్కుంటోంది. కుర్చీ లాగితే చప్పుడు రాకుండా లాగుతోంది. బాత్రూమ్‌లోకి వెళ్ళే ముందు "నువ్వు వెళ్ళాలా అమ్మా?" అని అడుగుతోంది. చెప్పులు మాత్రం లోపలే విప్పుతోంది. చూశాను.

అన్నీ సర్దుకుంటాయి.

జూలై 24, శుక్రవారం

నటి వచ్చింది. మేకప్ లేకుండా ఎప్పుడూ చూడలేదు. మామూలు మొహం, ముక్కు పక్కన చిన్న మచ్చ.

"మేడమ్, రెండు నిమిషాలు" అంది. కూర్చోమనలేదు, నిలబడే చెప్పింది. "ఆ రోజు ఆ గదిలో నేనున్నాను. ఆయన తర్వాత అన్నది కూడా నేను విన్నాను. ప్రతి మాటా గుర్తుంది నాకు. నాకు గుర్తుండేవి మాటలే కదా. స్కూలు గేటు దగ్గరికి వెళ్ళి బంతికి చెప్పాను. ఆయన అన్నది అన్నట్టే చెప్పాను. అంతా విని, మీరు నటి కదా ఆంటీ అంది."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

"ఆయన తినట్లేదు. అది మీకు పట్టదు, పట్టాల్సిన పని లేదు. కానీ ఆ పిల్ల అలా రాయిలా తయారవుతోంది, మీరు చూస్తూనే ఉంటారు. నేను చెప్తే నమ్మదు, ఆయన చెప్తే నమ్మదు. మీరొక్కరు చెప్తే నమ్ముతుంది. రికార్డు లేకపోయినా ఫర్లేదు, నేను విన్నాను అని ఒక్క మాట చెప్పండి."

"బదులుగా?"

నన్ను అలా చూసింది, ఈ మాట వస్తుందని తెలిసినట్టు. "నేను వెళ్ళిపోతాను. ఫ్లాట్ ఖాళీ చేసేస్తాను. నా సామాను సర్దేశాను, కింద కారులో ఉంది. ఆయనకి ఇంకా చెప్పలేదు."

అబద్ధం కాదు. కిటికీలోంచి చూశాను. వెనక సీటు నిండా సూట్‌కేసులు, ఒక పూలకుండీ.

నేను ఈవిడ మొహాన్ని రెండు నెలలుగా రోజుకి తొమ్మిది గంటలు చూస్తున్నాను. ఎప్పుడు నటిస్తుందో, ఎప్పుడు నటించదో నాకన్నా బాగా ఎవరికీ తెలియదు. నటించడం లేదు.

"చివర్లో తల కాస్త ఎడమకి తిప్పి చెప్పుంటే బాగుండేది" అన్నాను. "కుడివైపు మీకు అంత పండదు."

కళ్ళు మూసుకుంది. తెరిచింది. "సరే మేడమ్" అని వెళ్ళిపోయింది.

జూలై 25

అంత కటువుగా అనాల్సింది కాదు. అయినా తనే అనిపించుకుంది.

ఆగస్టు 2, ఆదివారం

ఉదయం బంతి ఒక ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. హాస్టల్ ఉన్న స్కూలు. బస్సులో ఆరు గంటల దూరం. అన్నీ నింపేసింది, సంతకం ఒక్కటే బాకీ.

"ఇదెక్కడ దొరికింది నీకు?"

"నాన్న కనుక్కున్న రెండింట్లో ఒకటి. ఫోన్ చేసి అడిగాను, చెప్పాడు. ఎలాగూ అంత శ్రమ పడ్డాడు కదా."

"ఇక్కడ నీకేం తక్కువైంది? నేను పొమ్మన్నానా?"

"లేదమ్మా. నువ్వేమీ అనలేదు."

"మరి?"

"నేను ఎక్కడున్నా ఎవరో ఒకళ్ళు ఏదో ఒకటి మానుకోవాల్సి వస్తోంది. అక్కడైతే పిల్లలుండటమే వాళ్ళ పని."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే పట్టుకోవడానికి నాకేదో ఒకటి దొరికేది. వాదించాను. ఏడ్చాను కూడా కొంచెం. అది టిష్యూ పెట్టె నా వైపు జరిపి, నేను ఆపేదాకా ఓపిగ్గా కూర్చుంది.

మధ్యాహ్నం సంతకం పెట్టాను.

సముద్రం దగ్గరికి మాత్రం వెళ్ళడం లేదు.

ఆగస్టు 6

నిర్మాత ఫైనల్ కట్ చూశాడు. లైట్లు వేసేసరికి కళ్ళు తుడుచుకుంటున్నాడు. తల్లి పాత్ర కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉందన్నాడు. ఎంత కటువుగా మాట్లాడినా లోపల ఎంత ప్రేమ ఉందో ఆ ఒక్క చూపులో తెలిసిపోయిందన్నాడు.

అతను రాలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి పంపాడు.

ఆగస్టు 10, సోమవారం

బస్‌స్టాండ్. పదకొండు గంటల బస్సు. అరగంట ముందే వెళ్ళాం. పెద్ద బ్యాగులు బస్సు డిక్కీలో పెట్టించాక బంతి ఎక్కకుండా తలుపు పక్కన నిలబడింది. జనం మమ్మల్ని తోసుకుంటూ ఎక్కుతున్నారు.

"అమ్మా, ఒకటి అడుగుతా."

"అడుగు."

"ఆంటీ నాతో అంది, నాన్న ఆ తర్వాత ఇంకా ఏదో అన్నాడని. నాన్న కూడా అన్నాడు, ఉంది, గుర్తు లేదు అని. నేను నమ్మలేదు. ఇద్దరూ ఒకటే కదా అనుకున్నాను. కానీ పడుకుంటే అదే వస్తోంది. ఉందా అమ్మా? ఇంకేమైనా ఉందా?"

డ్రైవరు బస్సు స్టార్ట్ చేశాడు.

"ఉంటే చెప్పు. నేను బస్సెక్కను. బ్యాగులు దింపించుకుని ఇటునుంచి ఇటే నాన్న దగ్గరికి వెళ్ళిపోతా. నీకు కోపమొస్తుందని తెలుసు. అయినా నిన్నే అడుగుతున్నా. ఎందుకంటే నువ్వు నా మొహం మీదే అన్నావు, నేను పుట్టకపోయుంటే బాగుండేదని. నువ్వు దాచుకునేదానివి కాదు. నువ్వు చెప్తే నమ్ముతాను."

ఎండ దాని కళ్ళల్లో పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. చిన్నప్పుడు ఇంజక్షను ముందు, నొప్పి పుడుతుందా అమ్మా అని అడిగి ఇలాగే చూసేది. పుట్టదు అనేదాన్ని.

"ఇంకేమీ లేదు" అన్నాను. "అంతే ఉంది."

తల ఊపింది. ఒకటి రెండుసార్లు కాదు, చాలాసార్లు ఊపింది. తర్వాత వంగి నా పాదం మీద పడి ఉన్న తన చిన్న బ్యాగు పట్టీ తీసుకుని ఎక్కేసింది. కిటికీ పక్కన సీటు దొరికింది. నేను చెయ్యి ఊపితే తనూ ఊపింది. పద్ధతైన పిల్ల.

ఆగస్టు 11

ముప్పై ఒకటో రోజు సౌండు ఫైలు తీసేశాను. బ్యాకప్‌లోది కూడా. ఇప్పుడు నేను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు.

ఆగస్టు 19

నటి నిజంగానే వెళ్ళిపోయిందట. నేను పొమ్మనలేదు. అతను ఇప్పుడు ఒక్కడే ఉంటున్నాడు. ఒక్కణ్ణే బతుకుదామని బయటికి వచ్చాడు కదా.

ఆగస్టు 30, ఆదివారం

బంతి ఫోన్ చేసింది. వారానికి ఒక ఫోను, పది నిమిషాలు. ఇవాళ నాలుగు నిమిషాల్లోనే మాటలు అయిపోయాయి. గదిలో నలుగురట. పైమంచం తనదట. బాగుందంది.

"నాన్న వచ్చాడు నిన్న" అంది.

"ఎందుకూ?"

"తెలీదు. గేటు దగ్గర కూర్చున్నాడట, సాయంత్రం దాకా. వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి చెప్పాడు. నేను వెళ్ళలేదు."

"మంచి పని చేశావు" అన్నాను.

పెట్టేసిందేమో అనుకున్నాను. పెట్టలేదు. వెనకాల ఎవరో అమ్మాయిలు నవ్వుకుంటున్నారు.

"వచ్చే ఆదివారం నేనొస్తాను బంతీ. నీకేం కావాలో చెప్పు, తెస్తాను."

"వద్దమ్మా. నువ్వు కూడా రావద్దు."

"అదేంటి?"

"రావద్దు" అంది మళ్ళీ, మర్యాదగానే. "ఉంటాను మరి."

పరీక్షలు దగ్గర పడుతున్నాయి. నేను వెళ్తే చదువు పాడవుతుంది. అందుకే అని ఉంటుంది.